ఛాతీ దగ్గర గీత

కుట్టుకొట్టు,
మేడమెట్ల కింద.

ఒసే సూదీ,

నేను చెబుతున్నాను, కాజాలు కుట్టే ఆవిడ రాస్తోంది. నన్ను కత్తెరమ్మ అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు పోయి చాలా కాలమైంది. వయసు డెబ్బై నాలుగు. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నా మనవరాలి మంచం ఖాళీగా ఉంటే దాని మీద కుట్టాల్సిన గుడ్డలు పెడుతున్నాను. కొట్టులో రెండు మిషన్లు, కాజాలావిడ, ఇస్త్రీ ఆయన. నాకు చదువు రాదు, టేపు మీద అంకెలు తప్ప. మిషన్ల మోతకి చెవులు పోయాయి కాబట్టి ఫోను నాకు దండగ. బుద్ధి మాత్రం బాగానే ఉంది.

ఇవన్నీ నీకు తెలియవని కాదు. ఈ ఉత్తరం నీ డాక్టరు కూడా చూడాలి, అందుకని మొదట్నుంచీ చెబుతున్నాను.

నీకు ఛాతీ ఆపరేషన్ అని రాశావు. కాజాలావిడ ఆ ముక్క చదవగానే నా చేతిలో కత్తెర కిందపడింది. మీ తాత పోయింది ఛాతీ నొప్పితోనే. సాయంత్రం నొప్పి అన్నాడు, తెల్లారేసరికి లేడు. ఇరవై ఆరేళ్ళ పిల్లవి, నీకెందుకొచ్చింది ఇది? తల్లి లేని పిల్లని పెంచి, చదివించి, కళ్ళద్దాల షాపులో ఉద్యోగం వచ్చిందని మురిసిపోయి అంత దూరం పంపింది ఇందుకేనా?

కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. నలుగురి చెవిన వేస్తే ఎవరో ఒకరికి మంచి డాక్టరు తెలుస్తాడు కదా. ఇస్త్రీ ఆయన తన బావమరిదికి గుండె బాగుచేసిన డాక్టరు చిరునామా తెచ్చి ఇచ్చాడు, ఇందులో పెడుతున్నాను. తెరలకి అంచు కుట్టించుకునే లావుపాటావిడ మెట్లెక్కకూడదంది. నీ హాస్టలు మూడో అంతస్తు. రేపే కిందకి మారు.

ఆపరేషన్ రోజు పక్కనుండే మనిషి సంతకం పెట్టాలని ఉత్తరంతో పాటు కాగితం పంపావు. నేనే వస్తాను. నాకు వేలిముద్ర పడదు, కుట్టు సూది వేళ్ళని అరగదీసేసింది. బ్యాంకులో మూడుసార్లు నొక్కించి వదిలేశారు. నా గుర్తు అడ్డగీత. నీ ప్రాణం కోసం ఒకటి కాదు, పది గీతలు పెడతాను.

కత్తెరమ్మ గుర్తు: —
సాక్షులు: కాజాలావిడ, ఇస్త్రీ ఆయన

*

అమ్మాయిల హాస్టలు,
మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.

అమ్మమ్మకి,

కాజాలత్తా, ఇక్కడ ఆగు. దీన్ని కొట్టులో అందరి ముందూ చదవొద్దు. ఇస్త్రీ ఆయన్ని టీకి పంపించు. తలుపు వేసి, అమ్మమ్మకి కాస్త వినబడే చెవి వైపు కూర్చో. ఎలాగూ గట్టిగా చదవాలి కాబట్టి కిటికీ కూడా వేసెయ్.

అమ్మమ్మా, నా గుండెకేమీ కాలేదు. మెట్లు రోజుకి పదిసార్లు ఎక్కి దిగుతున్నాను.

ఛాతీ అని రాసింది నేనే. ఇంకో మాట రాయబోతే చెయ్యి కదల్లేదు. నీ కొట్టులో, నీ మిషను కింద పాకుతూ పెరిగినదాన్ని. భుజం, ఛాతీ, నడుము, చేతి పొడవు. ఎక్కాలకంటే ముందు నాకు వచ్చిన మాటలవే. నువ్వు టేపు చుట్టి "ఛాతీ!" అని అరిస్తే కాజాలత్త కొలతల పుస్తకంలో అంకె రాసేది. ఆ మాట రాస్తే లోకంలో ఇంకెవరికీ అర్థం కాకపోయినా నీకు అర్థమవుతుందనుకున్నాను. నేను రాసింది ఆ ఛాతీ గురించి.

దాన్ని పెద్దది చేయించుకోవాలనుకుంటున్నాను. లోపల మెత్తటి సంచుల్లాంటివి పెట్టి కుట్టేస్తారు. జబ్బేమీ లేదు, నేనే కావాలనుకున్నాను. రెండేళ్ళ నుంచీ జీతంలోంచి దాస్తున్నాను.

ఆ కాగితం మీద నా పక్కన ఉండే మనిషి సంతకం మాత్రం నిజంగానే కావాలి. ఇక్కడ ఎవర్నైనా అడగాలంటే ముందు ఎందుకో చెప్పాలి. నాకు నోరు రావటం లేదు. నీ గీత పంపిస్తే చాలు. నువ్వు అంత దూరం రానక్కర్లేదు.

నువ్వు అందరికీ చెప్పావని చదివి, దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకున్నాను. పక్క మంచం పిల్ల జ్వరమా అంది. అవునన్నాను.

నీ
సూది

*

కుట్టుకొట్టు.

సూదీ,

కాజాలావిడ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి ఆ మాట దగ్గర గొణిగి దాటేసింది. గట్టిగా చదవమన్నాను. అరిచింది. మేడ మీద వాళ్ళు కూడా విన్నారు. తలుపులు వేసి ఏం లాభం!

(ఇది నేను రాయనన్నాను. రాయమంది. — కాజాలత్త)

ఇప్పుడు నా సంగతి విను. పొద్దున ఇస్త్రీ ఆయన "పిల్లకి ఎలా ఉందమ్మా?" అన్నాడు. బాగానే ఉందన్నాను. పాపం, కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆ ఇస్త్రీ పెట్టె కింద తల పెట్టాలనిపించింది. లావుపాటావిడ నీ కోసం పళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది. వాటిని ముట్టుకోలేదు, ఎలా ముట్టుకుంటాను? నలభై ఐదేళ్ళుగా ఈ వీధిలో ఆడవాళ్ళ కొలతలన్నీ నా చేతి మీదుగా పోయాయి. ఒక్కరి ముందూ తల దించలేదు. ఇవాళ నువ్వు దించేలా చేశావు.

ఏం లోటొచ్చిందే నీకు? కాళ్ళు లేవా, కళ్ళు లేవా? బాగున్న ఒంటిని కత్తికి ఇస్తావా? నేను చిన్న గుడ్డముక్కని కూడా కోసే ముందు వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తాను. నువ్వు ఆ డాక్టర్ని అడిగావా, లోపల పెట్టింది ఎన్నాళ్ళు మన్నుతుందని? చిరిగితే ఎలా తెలుస్తుందని? విప్పాల్సి వస్తే పైన చర్మం మళ్ళీ మునుపటిలా కూర్చుంటుందా, సాగిన జేబులా వేలాడుతుందా? రేపు బిడ్డ పుడితే పాలు? నాకు తెలుసు, ఒక్కటీ అడిగి ఉండవు. ధర అడిగి వచ్చి ఉంటావు.

ఎవడన్నాడు నిన్ను? ఎవడో అని ఉంటాడు. ఊరికే పుట్టదు ఇలాంటి బుద్ధి. వాడెవడో చెప్పు, వాడి కొలతలు నేను తీస్తాను.

గీత పెట్టను. నీ కాగితం నా దగ్గరే ఉంచాను, నమూనా కాగితాల కింద. అక్కడే ఉంటుంది.

కత్తెరమ్మ
(కోపంతో గుర్తు పెట్టలేదు. నేనే సాక్షి. — కాజాలత్త)

*

హాస్టలు.

అమ్మమ్మకి,

నీ ప్రశ్నలన్నీ చీటీ మీద రాసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నువ్వన్నది నిజమే, మొదటిసారి ధర మాత్రమే అడిగాను. మిగతావి అడిగితే వద్దనాల్సి వస్తుందేమోనని భయం.

చీటీ చూసి ఆవిడ "ఇవి ఎవరు అడిగారు?" అంది. మా అమ్మమ్మ, బట్టలు కుడుతుంది అన్నాను. "నా దగ్గరికి వచ్చే వాళ్ళలో సగం మంది ఇవి అడగరు. ఆవిడకి ఒక్కొక్కటీ సరిగ్గా రాయి" అంది. అందుకని దాచకుండా రాస్తున్నాను.

అవి జన్మంతా ఉండేవి కావు. పది పదిహేనేళ్ళకి చాలామందికి మళ్ళీ కత్తి పడుతుంది, మార్చడానికో తీసేయడానికో. ఖర్చు ఒకసారితో పోదు. మత్తుకి వేరే, గదికి వేరే, మధ్య మధ్యలో స్కానులకి వేరే. స్కాను ఎందుకంటే లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చట. కొందరికి దాని చుట్టూ శరీరమే ఒక పొర కట్టి బిగించేస్తుంది. అప్పుడు గట్టిగా రాయిలా అయి నొప్పి పెడుతుంది. చీము పట్టవచ్చు. చర్మానికి స్పర్శ తగ్గవచ్చు, ఒక్కోసారి తిరిగి రాదు. పాలు చాలామందికి వస్తాయి, కొందరికి తగ్గుతాయి, ముందే చెప్పలేమంది. చాలా అరుదుగా వాటి చుట్టూ ఒక రకం కాన్సరు కూడా వచ్చిందట. తీసేస్తే చర్మం సాగే ఉంటుంది. నువ్వు చెప్పిన జేబులాగే. ఆ మాట చెబితే ఆవిడ నవ్వి, తన కాగితం మీద రాసుకుంది.

బాగా కుదిరి, ఏ ఇబ్బందీ లేకుండా సంతోషంగా ఉన్నవాళ్ళు కూడా చాలామంది ఉన్నారంది. అదీ దాచను.

తర్వాత కొలత చూడటానికి నమూనా సంచులు లోదుస్తుల్లో పెట్టి నన్ను అద్దం ముందు నిలబెట్టింది. మా షాపులో కళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెట్టి "ఇది బాగుందా, అది బాగుందా" అంటామే, అలా. పక్కకి తిరిగి చూసుకున్నాను. ఏడుపొచ్చింది. సంతోషమో ఇంకేమిటో నాకే తెలియలేదు.

ఆవిడ ఆ సంచులు తీసి బల్ల మీద పెట్టి, ఎందుకు కావాలి అని అడిగింది. నేను నీ ప్రశ్నల చీటీ మడతపెట్టాను. "ఎవరి కోసమో అయితే నేను చెయ్యను. నీ కోసమే అయితే ఆ మాట నీ నోటితో చెప్పు. అప్పుడు తేదీ ఇస్తాను" అంది. రెండు నెలలు గడువు పెట్టింది.

నీకు మాత్రం ఒకటి చెబుతాను. నువ్వు కుట్టిన బట్టలన్నిట్లో ముందువైపు లోపల దూది దిండ్లు ఉంటాయి కదా. ఇక్కడ అవి రెండు రోజులకి కానీ ఆరవు. అందరూ డాబా మీద ఆరేస్తారు. నేను మంచం కింద తాడు కట్టి, తిరగేసి ఆరేస్తాను. వానాకాలంలో వాసన వస్తుంది. తడిగానే వేసుకుని వెళ్ళిన రోజులున్నాయి. ఒకసారి షాపులో ఒకాయన కళ్ళు కొలుస్తుంటే ఒక దిండు కుట్టు తెగి నడుము దాకా జారింది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఒక చేత్తో అద్దాలు మార్చాను. ఆయన "కుడివైపు స్పష్టంగా లేదు" అన్నాడు. ఆయన చెప్పింది తన కన్ను గురించే. నాకు మాత్రం భూమిలోకి పోవాలనిపించింది.

ఇంక ఎవడన్నాడని అడిగావు. మగవాడెవడూ ఏమీ అనలేదు అమ్మమ్మా. అన్నది ఆడమనిషి.

సూది

*

కుట్టుకొట్టు.

సూదీ,

ఎవతె? అది చెప్పు ముందు.

పక్క మంచం పిల్లా? బళ్ళో ఆ పొడుగు టీచరా? ఆవిడ జాకెట్టు భుజం మూడుసార్లు విప్పించింది, అప్పుడే అనుకున్నాను మంచి మనిషి కాదని. లేక లావుపాటావిడా? ఆవిడ పళ్ళు తిరిగి ఇచ్చేస్తాను, కుళ్ళినవైనా సరే. ఒక ఆడపిల్లని పట్టుకుని అంత మాట అన్న మనిషి నాలుకని నేను కత్తిరించకపోతే నన్ను కత్తెరమ్మ అనొద్దు. పేరు రాయి చాలు. ఆవిడ ఇంటి ముందు నిలబడి, వీధి వీధంతా వినేలా కడిగేస్తాను.

దూది సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదేం? ఆరదని నాకేం తెలుసు? మంచి దూది అది. ఏరి తెచ్చి, విదిలించి, నా చేత్తో కుట్టాను. నువ్వు నలుగురిలో నిండుగా కనబడాలని.

డాక్టరమ్మ చెప్పినవన్నీ కాజాలావిడ చదివింది. దాచకుండా చెప్పిన మనిషి కాబట్టి ఆవిడ మీద కోపం లేదు. రాయిలా అవుతుందన్న దగ్గర నా చెయ్యి నా గుండెల మీదకి పోయింది. వద్దే తల్లీ.

ఇస్త్రీ ఆయనతో నీ గుండె మందులతో బాగైపోయిందని చెప్పాను. ఆయన సంతోషపడి ఆ రోజు నా బట్టలు ఊరికే ఇస్త్రీ చేశాడు. అబద్ధం చెప్పి ఇస్త్రీ చేయించుకున్నదాన్నయ్యాను ఈ వయసులో.

ఆ మనిషి పేరు వెంటనే రాయి.

కత్తెరమ్మ గుర్తు: —
సాక్షి: కాజాలావిడ

*

హాస్టలు.

అమ్మమ్మకి,

చెప్పకూడదనుకున్నాను. నువ్వు ఊరంతా వెతుకుతానంటే చెబుతున్నాను.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు. బడికి వేసుకునే కొత్త బట్టలకి కొలతలు తీస్తున్నావు. కొట్టు నిండా మనుషులు. లావుపాటావిడ ఉంది, ఇస్త్రీ ఆయన ఉన్నాడు, ఇంకా ఇద్దరో ముగ్గురో. భుజం కొలిచావు. చెయ్యి కొలిచావు. కాజాలత్త పెన్సిలు పట్టుకుని "ఛాతీ?" అంది. నువ్వు టేపు చుట్టనే లేదు. "అక్కడ కొలవడానికేముంది, గీత పెట్టు" అన్నావు.

అందరూ నవ్వారు. ఇస్త్రీ ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, అమ్మమ్మా. పదకొండేళ్ళుగా నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉండేది అదే. నేనూ నవ్వాను.

ఆ వారమే మొదటి దూది దిండ్లు కుట్టావు. నన్ను అడగలేదు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ నా ఛాతీ కొలవలేదు.

నమ్మకపోతే ఆ ఏటి కొలతల పుస్తకం తీయించు.

మనవరాలు

*

కుట్టుకొట్టు.

అమ్మాయీ,

నేను, కాజాలత్తని. మీ అమ్మమ్మ చెప్పలేదు, నా అంతట నేనే రాస్తున్నాను. నీ ఉత్తరం చదవగానే "అబద్ధం, నేనలా అనలేదు" అంది. పుస్తకాలు దింపించింది. ధూళికి ఇద్దరం దగ్గాం. నీ పేజీ దొరికింది. నేను చూపించకముందే ఆవిడ గీత మీద వేలు పెట్టింది. అప్పట్నుంచీ మిషను తొక్కటం లేదు. వారమైంది. వచ్చిన వాళ్ళని నేనే పంపించేస్తున్నాను.

ఆ గీత గీసింది నేను. చెప్పినదాన్ని రాయటం నా పని అనుకున్నాను. ఎవరి ఒంటి గురించి రాస్తున్నానో తల ఎత్తి చూడలేదు.

కాజాలత్త

*

కుట్టుకొట్టు.
తలుపులు తీసి ఉన్నాయి.

మా అమ్మాయికి,

కత్తెరమ్మ అనే నేను, డెబ్బై నాలుగేళ్ళదాన్ని, నా ఇష్టంతో, బుద్ధి తెలిసి, మనుషుల ముందు చెబుతున్నాను.

నువ్వు రాసింది నిజం. ఆ మాట అన్నాను. నవ్వించడానికి అన్నాను. కొట్టులో నలుగురు ఆడవాళ్ళు చేరితే ఎవరి మీదో ఒకరి మీద నవ్వాలి, ఆ రోజు నువ్వు దొరికావు. అన్న మాట నాకు గుర్తు కూడా లేదు. అన్నందుకు ఎంత సిగ్గుగా ఉందో, గుర్తు లేనందుకు అంతకంటే సిగ్గుగా ఉంది. నాలుక కత్తిరిస్తానన్నాను కదా. అద్దం ముందు నిలబడి చూసుకున్నాను ఆ నాలుకని.

పుస్తకంలో అక్షరాలు నాకు తెలియవు. కానీ గీత తెలుసు. భుజం దగ్గర అంకె ఉంది, నడుము దగ్గర అంకె ఉంది, మధ్యలో గీత ఉంది. ఇన్నేళ్ళూ బ్యాంకులో, అద్దె కాగితంలో, నీ బడి కాగితంలో నేను పెట్టిన గీత అదే. నీ ఒంటి మీద నేను సంతకం పెట్టాను, ఇది ఇంతే అని. దాన్నే పదకొండేళ్ళు మోశావు.

దూది నీ మీద ప్రేమతో కుట్టానని పోయిన ఉత్తరంలో చెప్పాను. అది కూడా సరిదిద్దుకోవాలి. నలుగురూ నా మనవరాల్ని చూసి ఏమంటారో అని నాకు సిగ్గు. నా సిగ్గుని దిండ్లు చేసి నీ బట్టల్లో పెట్టి కుట్టాను. అది ఆరకపోతే తప్పు దూదిది కాదు.

నలభై ఐదేళ్ళ అనుభవం అని ఎగిరిపడతాను. నా ఇంటి పిల్ల ఛాతీ కొలత ఎంతో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ అందాజుగా కుట్టాను.

నిన్న కొట్టులో అందర్నీ కూర్చోబెట్టాను. నువ్వు రాసిన ఆపరేషను సంగతి నేను ఎత్తలేదు, అది నీది. నీకు గుండె జబ్బు లేదనీ, నేను అబద్ధం చెప్పాననీ చెప్పాను. ఆ రోజు నేనన్న మాట నువ్వు రాసినట్టే మళ్ళీ గట్టిగా అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. లావుపాటావిడ "నాకు గుర్తుంది కత్తెరమ్మా, నేనే ముందు నవ్వాను" అంది. ఇస్త్రీ ఆయన "నాకూ ఇద్దరు ఆడపిల్లలు" అని బయటికి వెళ్ళి, కాసేపటికి వచ్చాడు. వాళ్ళే సాక్షులు. నవ్వినవాళ్ళే సంతకం పెడతారు.

ఇంక నీ కాగితం. నమూనా కాగితాల కింద నుంచి తీశాను. నా గుర్తు పెట్టి ఇందులో పంపుతున్నాను. చేయించుకో అని కాదు, మానుకో అని కాదు. నాకు భయమే. రాయి అవుతుందన్న ముక్క ఇంకా నా గుండెల్లోనే ఉంది. కానీ నీ ఒంటి గురించి ఒకసారి నేను తీర్పు చెప్పాను, చాలు. ఎందుకు కావాలని డాక్టరమ్మ అడిగింది కదా, అమ్మమ్మ అన్న మాటకి అయితే ఆ మాట ఇవాళ వెనక్కి తీసుకున్నాను. అది తీసేశాక కూడా కావాలనిపిస్తే అది నీ సొంతం. ఆ రోజు నీ మంచం పక్కన నేనుంటాను. వద్దనుకుంటే ఆ రోజు మామూలుగానే వస్తాను. ఊరికే కూర్చుందాం.

దానికంటే ముందు ఒకటి అడుగుతున్నాను. కాదనే హక్కు నీకుంది. ఒకసారి కొట్టుకి వచ్చి నిలబడు. టేపు చుట్టి కొలుస్తాను. అంకె నేను అరవను, నీ చెవిలో చెబుతాను. నువ్వే పుస్తకంలో రాసుకో. గీత చెరపొద్దని కాజాలావిడకి చెప్పాను. అది అలాగే ఉండాలి, పక్కన అంకె పడాలి.

కాగితం మీదా, ఈ ఉత్తరం మీదా ఇకనుంచి గీత పెట్టను. ఆ గుర్తు నీ పేజీలో ఖర్చయిపోయింది. సూదితో కాగితంలోంచి మూడు కుట్లు వేశాను, ఎర్ర దారంతో, వెనక ముడి వేసి. ఇదేం సంతకం అని డాక్టరమ్మ అంటే, మా అమ్మమ్మ వస్తుంది, మీరే అడగండి అని చెప్పు.

సన్నగా ఉన్నావని నిన్ను సూదీ అని పిలిచేదాన్ని. అది కూడా నిన్ను అడగలేదు. ఎలా పిలవాలో రాయి.

కత్తెరమ్మ గుర్తు: మూడు ఎర్ర కుట్లు

సాక్షులు:
కాజాలావిడ. ఆ గీత గీసింది నేను.
లావుపాటావిడ. ముందు నవ్వింది నేను.
ఇస్త్రీ ఆయన. నేనూ నవ్వాను, తల్లీ.